తొలకరి పచ్చికలోకి పశువును వదిలే ముందు

నాలుగు వానలు పడి బీడు పచ్చబడగానే, ఎండాకాలమంతా ఎండుగడ్డి నమిలిన పశువు ఆ వాసనకు కట్టుకొయ్య దగ్గర నిలవదు. మనకూ జాలేస్తుంది, పలుపు విప్పేస్తాం. తొందరపాటు అక్కడే. నోరు ఎంత ఊరినా దాని పొట్ట ఇంకా పచ్చికకు అలవాటు పడలేదు.

ఆవుకు పైదవడలో ముందు పళ్లుండవు. నాలుకతో గడ్డిని చుట్టి లాగి, సరిగా నమలకుండానే మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. ఆ మేతను పెద్ద పొట్టలో పులియబెట్టేవి సూక్ష్మజీవులు. ఎండుగడ్డికి అలవాటుపడ్డ అవి పచ్చిమేతకు కుదురుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందుకే మొదటి రోజు గంటకు మించి మేపకండి, తర్వాత రోజూ కొంచెం కొంచెం పెంచండి. వదిలే ముందు ఎండుగడ్డి బాగా వేయండి. పచ్చిక ఉండగా ఇదెందుకు దండగ అనిపిస్తుంది గానీ, ఖాళీ కడుపుతో వెళ్లిన పశువే ఆబగా తింటుంది. మామూలుగా వాసన చూసి వదిలేసే విషపు ఆముదపు ఆకునూ కొరుకుతుంది.

లూసర్న్, బర్సీం లాంటి పప్పుజాతి మేతలతో ఇంకా జాగ్రత్త. మేత పులిసినప్పుడు పుట్టే గాలిని పశువు త్రేన్చి వదిలేస్తుంది. లేత పప్పుజాతి మేత ఎక్కువగా తింటే ఆ గాలి నురగలో చిక్కుకుపోతుంది, త్రేన్పు రాదు. మా ఆవుకు ఒకసారి ఇలాగే అయింది. తడి ఆరకముందే తోలాను, నాదే తప్పు. కాసేపటికే ఎడమ డొక్క వెన్ను ఎత్తుకు లేచింది, వేళ్లతో తడితే డప్పులా మోగింది. మాటిమాటికీ పొట్టకేసి చూసుకుంటూ వెనక కాలితో తన్నుకుంటోంది. డాక్టర్ దగ్గర్లో ఉండబట్టి దక్కింది. గంటల్లోనే ప్రాణం పోవచ్చు కాబట్టి ముందు ఆయనకు ఫోన్ చేయండి. వచ్చేదాకా పశువును పడుకోనివ్వకుండా, ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. నూనె పట్టించాలా, ఎంత అన్నది ఆయన్నే అడగండి. తల పైకెత్తి బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

నాకు దీనికన్నా జొన్న అంటేనే ఎక్కువ టెన్షన్. ఉబ్బరంలో మందు వేసే వ్యవధి కాస్తయినా ఉంటుంది, ఇక్కడ నిమిషాల్లో అయిపోవచ్చు. లేత జొన్నలో, వానలేక వాడిన మొక్కలో, కోసిన మొదళ్ల నుంచి లేచిన పిలకల్లో ఉండే ఒక పదార్థం, పశువు నమిలినప్పుడు సైనైడ్ విషాన్ని వదులుతుంది. పశువు రొప్పుతుంది, తూలుతుంది, పడిపోతుంది. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, అందేలోపే అయిపోతుందన్నదే బాధ. చాలా రోజుల ఎండ తర్వాత వాన పడింది కదా, చేను తేరుకుందిలే అని ధైర్యపడకండి. అప్పుడు లేచే లేత పిలకే మరీ ప్రమాదం. పూతకు రాని జొన్నలోకి తోలకపోవడమే మేలు. బాగా ఎండిన చొప్పలో విషం చాలావరకు తగ్గిపోతుంది.

గొర్రెల సంగతి కొంచెం వేరు. మేక మెడెత్తి ఆకు అందుకుంటుంది, గొర్రె నేలబారుగా కొరుకుతుంది. మేతతో కడుపులో చేరే పురుగుల పిల్లలు ఎక్కువగా ఉండేది గడ్డి మొదళ్ల తడిలోనే. అందుకే పొద్దుటి మంచు ఆరాక తోలండి, గడ్డి రెండంగుళాలకు దిగేలోపే మంద మార్చండి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడిందంటే పురుగులు రక్తం పీల్చేస్తున్నాయేమో అని అనుమానించాలి. ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుకు రోగానికి టీకా వానలకు ముందే వేయించాలి, మొదటిసారైతే రెండు డోసులు. ఆ రోగం మందలో బాగా బలిసిన గొర్రెపిల్లలనే ఎక్కువగా పట్టుకుపోతుంది.

మొదటి రెండు వారాలూ రాత్రి పడుకునే ముందు ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూడండి. అన్నీ పడుకుని నెమరేస్తుంటే, ఒక్కటి మాత్రం దవడ కదపకుండా నిలబడి ఉంటే, దాని ఎడమ డొక్క తడిమి చూడండి. ఉబ్బుంటే తెల్లారేదాకా ఆగకండి.