రన్‌వే మీద సెకన్లు మిగల్చడం ఎలా: పైలట్ ట్రైనింగ్‌కి వెళ్తున్న మన పిల్లలకి

జయపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి ట్రైనింగ్‌కి వెళ్తున్న తెలుగు పిల్లలు ఏటీసీతో, అంటే విమానాలకి దారి చెప్పే ట్రాఫిక్ కంట్రోల్‌తో, రేడియోలో మాట్లాడాలంటే టెన్షన్ అంటున్నారు. ఇంగ్లీషు వల్ల అనుకుంటున్నారు గానీ, అసలు చిక్కు మనం సిద్ధంగా లేకుండా మైకు నొక్కడంలో ఉంది.

నా సంగతే చెప్తాను. ట్రైనింగ్‌లో ఒకసారి చెక్‌లిస్టులో రెండు అంశాలు మిగిలుండగానే 'రెడీ' అనేశాను. టవర్ (కంట్రోలర్లు కూర్చునే చోటు) నన్ను లైనప్ చేయించి, అంటే రన్‌వే మీదికి రప్పించి, వెంటనే టేకాఫ్ అనుమతి ఇచ్చింది. నేనేమో బ్రేకులు నొక్కి పట్టుకుని, కాగితం మీద వేలు పెట్టి చదువుకుంటున్నాను. ఫైనల్‌లో, అంటే ఆఖరి దశలో, దిగడానికి వస్తున్న విమానాన్ని కంట్రోలర్ గో అరౌండ్ చేయించారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి పంపేశారు. నా మీద ఒక్క మాట విసుక్కోలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 'రెడీ' అంటే చెప్పిన క్షణమే కదలగలను అని అర్థం. ఇంకా పని ఉంటే ముందే చెప్పు, వెనకున్నవాళ్ళని పంపిస్తారు.

దిగేటప్పుడు ఏ ఎగ్జిట్‌లో (రన్‌వే నుంచి పక్కకి తప్పుకునే దారి) తిరగాలో గాల్లో ఉండగానే అనుకో. పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వేకి దాదాపు 30 డిగ్రీల కోణంలో చీలే ర్యాపిడ్ ఎగ్జిట్లు ఉంటాయి, జెట్ విమానం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో కూడా అందులోకి మళ్ళగలదు. అది తప్పిపోతే బ్రేకులు విరగదొక్కకు, తర్వాతి దాంట్లో తిరుగు. తిరిగాక అక్కడే ఆగిపోకు, తోక కూడా పసుపు గీతలు దాటితేనే రన్‌వే ఖాళీ అయినట్టు.

విమానాల మధ్య ఎడం విషయంలో మాత్రం తొందర లేదు. విశాఖలో దిగే ఎయిర్‌బస్ వెనకాల జయపురం నుంచి వచ్చే తొమ్మిది సీట్ల కారవాన్ లాంటి చిన్న విమానం ఉంటే, ముందుదాని రెక్కల సుడిగాలి తగలకుండా రాడార్ మీద 5 నాటికల్ మైళ్ళు (సుమారు 9 కిలోమీటర్లు) ఉంచుతారు. స్పీడు తగ్గించమన్నా పెంచమన్నా ఈ లెక్క కోసమే. నీ విమానానికి కుదరకపోతే 'అనేబుల్' (నా వల్ల కాదు) అని అప్పుడే చెప్పు, ఆలస్యంగా చెప్తే కంట్రోలర్‌కి వేరే దారి వెతికే టైమ్ ఉండదు.

రీడ్‌బ్యాక్, అంటే విన్నదాన్ని తిరిగి చెప్పడం, మనవాళ్ళకి కొత్తేమీ కాదు. పర్లాకిమిడి కొట్లో రెండు కిలోలు అంటే కొట్టాయన 'దుయి కిలో' అని తిరిగి అడిగాకే తూకం వేస్తాడు కదా, అదే ఇది. రన్‌వే నంబరు, హోల్డ్ షార్ట్ (రన్‌వేకి ముందే ఆగమనడం), ల్యాండింగ్, టేకాఫ్ అనుమతులు ముక్క వదలకుండా తిరిగి చెప్పాలి, ఉత్త 'రోజర్' (విన్నాను) సరిపోదు. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో అనుమతి అందిందనుకుని ఒక 747 జంబో జెట్ పరుగందుకుని రన్‌వే మీదున్న ఇంకో 747ని గుద్దింది, 583 మంది పోయారు. ఆ తర్వాతి నుంచి టేకాఫ్ అన్న మాట ఆ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప వాడరు, మిగతా అంతా 'డిపార్చర్' అనే.

ఇంకొకటి. హోల్డింగ్ పాయింట్ (రన్‌వేకి ముందు ఆగే చోటు) దగ్గర అడ్డంగా ఎర్ర స్టాప్ బార్ లైట్లు వెలుగుతుంటే, టవర్ రమ్మన్నా దాటకు. లైట్లు ఇంకా ఉన్నాయని చెప్పు, ఆరాక కదులు.