ఆప్-ఆంప్ మాట వినడం లేదా? ముందు 2, 3 పిన్నుల మధ్య కొలవండి

సర్క్యూట్ మొండికేయగానే చిప్ మార్చేయాలనిపిస్తుంది. అలా మార్చి, నిక్షేపంలాంటి 741లను చెత్తబుట్టలో వేసినవాణ్ని నేను. (741 ఒక ఆప్-ఆంప్, అంటే రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను ఎన్నో రెట్లు పెంచే చిప్.) 741లో 2వ పిన్ను ఇన్వర్టింగ్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే) ఇన్‌పుట్, 3 నాన్-ఇన్వర్టింగ్ ఇన్‌పుట్, 6 అవుట్‌పుట్. 7కు ప్లస్, 4కు మైనస్ సరఫరా. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ను రెసిస్టర్ ద్వారా 2వ పిన్నుకు తిప్పి పంపే దారి) సవ్యంగా ఉంటే 2, 3 పిన్నుల మధ్య తేడా కొన్ని మిల్లీవోల్టులు దాటదు. రోగం పట్టిచ్చేది ఈ తేడాయే.

సమస్య: అవుట్‌పుట్ 13, 14 వోల్టుల దగ్గర అతుక్కుపోయింది (సరఫరా ±15).

కారణం, పరిష్కారం: తేడా వోల్టుల్లో ఉందా? 2 కన్నా 3 ఎక్కువైతే అవుట్‌పుట్ పైకి, తక్కువైతే కిందికి పోవాలి. అలాగే పోతుంటే చిప్ బాగానే ఉన్నట్టు, తప్పు ఫీడ్‌బ్యాక్ దారిలో ఉన్నట్టు. చాలాసార్లు రెసిస్టర్ కాలు బ్రెడ్‌బోర్డులో పక్క వరుసలోనో, 2కు బదులు 3లోనో దిగి ఉంటుంది. అందుకు విరుద్ధంగా పోతుంటే సరఫరాను నేరుగా 7, 4 పిన్నుల మీదే కొలవండి. అక్కడా సరిగా ఉంటే అప్పుడు మార్చండి చిప్‌ను.

సమస్య: అవుట్‌పుట్ నెమ్మదిగా మైనస్ వైపు జారిపోతోంది. 3వ పిన్నుకు మీటరు మొన తాకిస్తే కోలుకుంటోంది, తీస్తే మళ్లీ జారుతోంది!

కారణం: ఇన్‌పుట్‌కు కెపాసిటర్ ఒక్కటే ఉంది. 741 ఇన్‌పుట్ పిన్నులోకి సుమారు 80 నానోఆంపియర్ల కరెంటు ప్రవహిస్తూనే ఉండాలి. కెపాసిటర్ డీసీని పోనివ్వదు కనుక, మొన తాకించినప్పుడు ఆ కరెంటుకు దారిని మీటరు లోపలి రెసిస్టెన్స్ ఇస్తోంది.

పరిష్కారం: 3 నుంచి గ్రౌండుకు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్.

సమస్య: గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఆ సంఖ్య) 10 అనుకుంటే 11 వస్తోంది.

కారణం: తప్పేమీ లేదు. 100 కిలో, 10 కిలో రెసిస్టర్లతో ఇన్వర్టింగ్ గెయిన్ మైనస్ 10. నాన్-ఇన్వర్టింగ్‌లో ఆ 10కి ఒకటి కలిసి ప్లస్ 11 అవుతుంది.

సమస్య: సైన్ తరంగం త్రిభుజంలా మారింది.

కారణం: 741 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు సుమారు అర వోల్టుకు మించి మారలేదు. 10 వోల్టుల శిఖరంతో 8 కిలోహెర్ట్‌జ్ దాటితే వెనకబడుతుంది.

పరిష్కారం: తరంగం ఎత్తు తగ్గించండి, లేదా టీఎల్081 అనే వేగమైన ఆప్-ఆంప్ పెట్టండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్, సరఫరా పిన్నులు అవే కాబట్టి తీగలు కదపక్కర్లేదు.