సంచిలో సీసా, కాగితం మీద రుచి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు ఆరుగురం స్నేహితులం సీసాల పేర్లు దాచి వైన్ రుచి చూడటానికి కూర్చుంటాం. నాలుగు సీసాలు చాలు. అన్నీ ఒకే ద్రాక్షవి కావాలి, మేం ఎక్కువగా జిన్‌ఫాండెల్ అనే నల్లద్రాక్ష వైన్ తెస్తాం. రకాలు కలిపితే పోలిక కుదరదు.

సీసా మూతి మీది రేకు పూర్తిగా తీసేయండి, దానిమీద కూడా కంపెనీ పేరు ఉంటుంది. ఒకరు కాగితం సంచులు తొడగాలి, ఇంకొకరు వరస మార్చి అంకెలు వేయాలి. అప్పుడు ఏది ఏదో ఇద్దరికీ తెలియదు. గ్లాసుకు 50 మిల్లీలీటర్లు మించొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం మౌనం. అందరూ రుచీ, మార్కులూ రాసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఒకరు "మిరియాల ఘాటు" అన్నారంటే మిగతా ఐదుగురికీ మిరియాలే తగులుతాయి. "నేరేడు వగరు", "చింతకాయ పులుపు" అని మన నాలుక ఎరిగిన మాటల్లోనే రాయమంటాను. పుస్తకాల మాటలకన్నా అవే నిజం చెబుతాయి.

మిరపకాయ బజ్జీలు తర్వాతే. కారం తగిలిన నోటికి వైన్ మంటగా అనిపిస్తుంది. మధ్యలో బ్రెడ్ ముక్క, నీళ్లు చాలు.

1976లో పారిస్‌లో ఫ్రెంచి జడ్జీలు ఇలాగే పేర్లు చూడకుండా రుచి చూసి, రెడ్‌లోనూ వైట్‌లోనూ మా కాలిఫోర్నియాలోని నాపా వైన్లకే మొదటి స్థానం ఇచ్చారు. అందుకే మార్కులు కూడిన తర్వాతే సంచులు తీయండి. ఉమ్మడానికి తలా ఒక కప్పు పెట్టండి, కారు నడిపేవాళ్లు అసలు మింగొద్దు.