స్క్రీన్‌షాట్‌తో సవరణలు చెప్పడం – 3వ పాఠం: తెలుగు చదవని ఎడిటర్‌కు

ఒక స్క్రీన్‌షాట్‌లో ఒకే సవరణ చూపాలని గత పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తరచూ ఎదురయ్యే చిక్కు చూద్దాం. వీడియో తెలుగులో ఉంటుంది, బరంపురంలో ఎడిట్ చేసే ఆయన ఒడియా మాత్రమే చదవగలడు. "టైటిల్‌లో తప్పుంది, చూడండి" అంటే ఆయన ఏం చూస్తాడు? మన అక్షరాలు ఆయనకు బొమ్మలే.

"పర్లాకిమిడి లైట్ రైల్వే, 1900" అనే టైటిల్ తీసుకోండి. తెర మీద అది "పర్‌లాకిమిడి లైట్ రైల్‌వే" అని వచ్చిందనుకుందాం. టైప్ చేసినవాళ్ల తప్పు కాదిది, వత్తులు కలవలేదు. ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో, అక్షరాలను తెర మీద కూర్చే టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా భాషలకు మార్చకపోతే ఇలాగే అవుతుంది. ఎన్నిసార్లు మళ్లీ టైప్ చేయించినా ఫలితం ఉండదు.

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వీడియో ఆపి, ఇ (E) కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ జరపండి. టైటిల్ పూర్తిగా తేలాక షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే (విండోస్‌లో) ఫొటో పడుతుంది. విడిపోయిన అక్షరాల చుట్టూ మాత్రమే సున్నా చుట్టండి, టైటిల్ మొత్తానికి కాదు. టైటిల్ వెనక ఎర్ర చీర లాంటిది ఉంటే ఎర్ర గీత కనపడదు, పసుపు వాడండి. పక్కనే వత్తు కలిసిన సరైన రూపాన్ని పెద్దగా చూపండి. ఆయన పోల్చుకునేది దాన్నే. అదే మాటను మెసేజ్‌లో టెక్స్ట్‌గా కూడా పంపితే కాపీ చేసుకుంటాడు.

ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే కుదించడంలో సన్నని వత్తులు చెదిరి, లేని తప్పులు కనిపిస్తాయి.

ఇక టైమ్. "1:42 దగ్గర" అంటే చాలదు, సెకనుకు 25 ఫ్రేములుండే వీడియోలో అది 25 బొమ్మల్లో ఏదైనా కావచ్చు. చూడటానికి పంపే కాపీ మీద టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేమ్ అంకెలు) పడేలా ఎక్స్‌పోర్ట్ చేయమని ముందే అడగండి. అప్పుడు 00:01:42:11 అని స్క్రీన్‌షాట్‌లోనే ఉంటుంది. అది ఎన్నో కాపీయో తెలిపే వెర్షన్ నంబరు మాత్రం మీరే రాయాలి. రెండో కాపీకి రాసిన టైమ్ మూడో కాపీలో, ముందు ఒక షాట్ తీసేసి ఉంటే, వేరే చోట పడుతుంది.

టైటిల్ త్వరగా మాయమైతే ఒక్క ఫొటో పనికిరాదు. మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ రెండూ పంపి, ఇంకెన్ని సెకన్లు నిలవాలో అంకెల్లో రాయండి. అంకెలకు భాష అడ్డురాదు.