ఆంప్లిఫయర్‌కు ఎన్ని వాట్లు కావాలి?

ముందు స్పీకర్లు తేల్చుకోండి, ఆంప్లిఫయర్ సంగతి తర్వాత. స్పీకర్ వెనకో మాన్యువల్‌లోనో సెన్సిటివిటీ (ఒక్క వాటుకు ఎంత శబ్దం వస్తుందో, డెసిబెల్స్‌లో), ఇంపిడెన్స్ (కరెంటుకు ఎంత అడ్డు తగులుతుందో, ఓమ్స్‌లో) అని రెండు అంకెలుంటాయి. లెక్కంతా వాటితోనే.

87 డెసిబెల్స్, 8 ఓమ్స్ ఉన్న బుక్‌షెల్ఫ్ (చిన్న సైజు) స్పీకర్ల జత అనుకుందాం. ఒక్క వాటుకు మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తుంది. మీరు 3 మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 9 తగ్గుతుంది (గోడలున్న గదిలో అంత కూడా తగ్గదు), స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుస్తుంది. అంటే చెరో వాటుకే 81. పక్క గదిలోవాళ్లు తలుపేసుకుంటారు. అయితే మృదంగం మీద పడే దెబ్బ సగటు కన్నా 15 డెసిబెల్స్ పైకి లేవచ్చు, అంటే పవర్ దాదాపు 32 రెట్లు, చెరో 32 వాట్లు కావాలి. 50 వాట్లుంటే హాయి. 50 బదులు 60 వాట్లదానికి ఎక్కువ డబ్బు పెట్టకండి, పెరిగేది ఒక్క డెసిబెల్ కూడా కాదు. మరీ చిన్నది కొని వాల్యూమ్ చివరిదాకా తిప్పడమూ ప్రమాదమే: క్లిప్పింగ్ (శక్తి చాలక శబ్ద తరంగం కొసలు తెగిపోవడం) మొదలైతే ముందు పోయేది ట్వీటర్, అంటే సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్.

పెట్టె మీద పీఎంపీఓ (ప్రచారం కోసం వేసే పెద్ద వాట్ల అంకె) వేలల్లో ఉంటే పట్టించుకోకండి. రెండు చానెళ్లూ నడుస్తుండగా, 8 ఓమ్స్ మీద, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, డిస్టార్షన్ (శబ్దం వక్రించడం) 0.1 శాతం లోపు కొలిచిన ఆర్‌ఎంఎస్ వాట్లే, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లే లెక్క. చిన్న క్లాస్-డీ (తక్కువ వేడితో నడిచే స్విచింగ్ రకం) ఆంప్లిఫయర్ డబ్బాలకు 4 ఓమ్స్, 10 శాతం డిస్టార్షన్ దగ్గరి అంకె వేస్తుంటారు. అక్కడ అడాప్టర్ చూడండి. 24 వోల్టులు, 4 ఆంపియర్లు అంటే లోపలికి వెళ్లేదే 96 వాట్లు. ఆ 24 వోల్టులతో 8 ఓమ్స్ స్పీకర్‌కు శుభ్రంగా వచ్చేది చానెల్‌కు 36 వాట్ల లోపే.

4 ఓమ్స్ స్పీకర్లయితే ఆంప్లిఫయర్ 4 ఓమ్స్‌కు తట్టుకుంటుందని స్పష్టంగా రాసుండాలి. లేకపోతే వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనంతట తానే ఆగిపోతుంది.

రికార్డ్ ప్లేయర్ ఉండి, అందులోనే ఫోనో ప్రీఆంప్ లేకపోతే, ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ సన్నని సిగ్నల్‌ను పెంచేది) కావాలి. కార్ట్రిడ్జ్ (రికార్డు మీది ముల్లుండే భాగం) ఇచ్చేది మామూలుగా 5 మిల్లీవోల్టులే, మామూలు ఇన్‌పుట్‌లో పెడితే పీలగా వినిపిస్తుంది. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు వెనకవైపు 120 వోల్టులే రాసుందేమో చూడాలి. మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది.

షాపులో పాట ఆపి ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. బుస్సుమనే శబ్దం కూర్చునే చోటికి వినబడకూడదు. తర్వాత పాట పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించండి, ఒకవైపు ముందే ఆగిపోతే ఆ నాబ్ బాగోలేనట్టే. రాత్రిళ్లు వినేవాళ్లకు అది రోజూ విసుగే.

వైరింగ్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. క్లాస్-డీ వాటిలో రెండు చానెళ్ల మైనస్ టెర్మినళ్లు మాత్రం ఎప్పుడూ కలపకండి. చాలా వాటిలో ఆ మైనస్ గ్రౌండ్ కాదు, చిప్ పోతుంది.