ఇంజన్ ఆయిల్‌కు రెండో వడపోత: బైపాస్ ఫిల్టర్ బిగించుకునే పద్ధతి

కారు ఇంజన్‌లో ఆయిల్ పంపు చాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) నుంచి తోడిన నూనె మొత్తం ముందుగా ఆయిల్ ఫిల్టర్ గుండా వెళ్లి, ఆ తర్వాతే క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ప్రధాన ఇరుసు) బేరింగులకు చేరుతుంది. నిమిషానికి పదుల లీటర్ల నూనె ఏ క్షణమూ ఆగకుండా పారాలి కాబట్టి ఆ ఫిల్టర్‌లోని కాగితాన్ని మరీ దట్టంగా తయారుచేయడం కుదరదు. మామూలు ఫిల్టర్ సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన రేణువులనే నమ్మకంగా పట్టుకుంటుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఇది తక్కువ పనేమీ కాదు. అయితే ఇంజన్ తిరుగుతున్నప్పుడు బేరింగుకూ క్రాంక్‌కూ మధ్య నిలిచే నూనె పొర కొన్ని మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. ఆ పొర కంటే పెద్దవి, ఫిల్టర్‌కు చిక్కనంత చిన్నవి అయిన రేణువులు, అంటే 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండేవి, ఇంజన్‌ను ఎక్కువగా అరగదీస్తాయి. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్ల ఫిల్టర్‌తో అరుగుదల సగానికి, 15 మైక్రాన్ల ఫిల్టర్‌తో 70 శాతం మేరకు తగ్గినట్టు జనరల్ మోటార్స్ ఇంజనీర్లు 1988లో ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) పత్రంలో వెల్లడించారు.

అలాగైతే ఉన్న ఫిల్టర్ స్థానంలోనే మరింత దట్టమైనది పెట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అలా ఎప్పుడూ చేయకూడదు. నూనె దారికి అడ్డు పెరిగితే ఫిల్టర్‌లో ఉండే రిలీఫ్ వాల్వు తెరుచుకుని, వడకట్టని నూనె నేరుగా బేరింగులకు వెళ్లిపోతుంది. తెల్లవారుజామున చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసినప్పుడు నూనె చిక్కగా ఉండడం వల్ల ఈ వాల్వు మరింత త్వరగా తెరుచుకుంటుంది. అందువల్ల అదనపు ఫిల్టర్‌ను అసలు ఫిల్టర్ దారిలో కాకుండా ఒక పక్కదారిలో పెట్టాలి. బైపాస్ ఫిల్టర్ అంటే ఇదే. ప్రధాన మార్గం నుంచి పదో వంతుకు మించని నూనెను సన్నటి రంధ్రం గుండా మళ్లించి, రెండు మూడు మైక్రాన్ల రేణువులను కూడా ఆపగల దట్టమైన ఫిల్టర్‌లో నింపాదిగా వడకట్టి, తిరిగి చాంబర్‌లోకి వదులుతారు. ఆరు లీటర్ల నూనె పట్టే ఇంజన్‌లో నిమిషానికి లీటరు చొప్పున ఈ దారిన పారినా, గంట ప్రయాణంలో మొత్తం నూనెకు పది రెట్ల పరిమాణం ఫిల్టర్ గుండా వెళుతుంది. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. 1940లలో చాలా కార్లకు ఉన్నవి ఈ తరహా ఫిల్టర్లే, భారీ కమిన్స్ డీజిల్ ఇంజన్లలోనూ వీటిని దశాబ్దాలుగా వాడుతున్నారు.

ఇది ప్రతి కారుకూ అవసరమని నేను చెప్పను. ఊళ్లో కొద్ది దూరాలు తిరిగే చిన్న పెట్రోలు కారుకు సకాలంలో నూనె మార్చడమే చాలు. పెట్టిన ఖర్చుకు ఫలితం కనిపించేది రోజంతా తిరిగే డీజిల్ బండ్లలో, ముఖ్యంగా టాక్సీలుగా నడిచే ఇన్నోవా, బొలెరో వంటి వాటిలో, క్వారీల వైపు, మట్టి రోడ్ల మీద తిరిగే వాహనాల్లో. వారంటీ ఉన్న బండి అయితే ఆ గడువు ముగిసేదాకా ఆగడం మంచిది.

ఫిల్టర్ కొనే ముందు ఇంజన్‌లోకి దుమ్ము చేరే దారిని మూయాలి. నూనెలో కలిసే ఇసుక రేణువుల్లో అధిక భాగం ఎయిర్ ఫిల్టర్ దగ్గరి లోపం వల్లే వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి టర్బోకు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరానికి) వెళ్లే రబ్బరు గొట్టాన్ని విప్పి, శుభ్రమైన తెల్లగుడ్డను వేలికి చుట్టి లోపలి గోడ తుడవండి. గుడ్డకు సన్నటి ఎర్రమట్టి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోలేదనో, క్లాంపు వదులైందనో, గొట్టం పగిలిందనో అర్థం. అది సరిచేయకుండా ఎన్ని ఆయిల్ ఫిల్టర్లు పెట్టినా పెద్దగా ప్రయోజనం ఉండదు.

ఇక బిగింపు సంగతి. ఫిల్టర్ తలభాగాన్ని (ఫిల్టర్ డబ్బాను పట్టి ఉంచే పై భాగాన్ని) ఇంజన్‌కు కాకుండా బాడీకి, నిటారుగా, సైలెన్సర్ గొట్టానికీ టర్బోకూ దూరంగా, చేయి సులువుగా అందే చోట బిగించాలి. ఒత్తిడితో ఉన్న నూనెను తీసుకోవడానికి అనువైన చోటు ఆయిల్ ప్రెజర్ స్విచ్ (డ్యాష్‌బోర్డు మీది ఆయిల్ లైటును వెలిగించేది) ఉన్న రంధ్రం. ఆ స్విచ్ విప్పి టీ జాయింట్ పెడితే ఒక దారి స్విచ్‌కు, మరో దారి ఫిల్టర్‌కు వెళుతుంది. జపాన్ మూలం ఉన్న ఇంజన్లలో ఇక్కడ సాధారణంగా 1/8 బీఎస్‌పీ (పైపు మరల కొలత) కోను మర ఉంటుంది, మరికొన్నింటిలో ఎం10 (10 మిల్లీమీటర్ల) మర ఉంటుంది. కాబట్టి విప్పిన స్విచ్‌ను వెంట తీసుకెళ్లి దానికి సరిపోయేదే కొనాలి. మొదటి రెండు మూడు మరలు చేత్తోనే తేలికగా తిరగాలి, స్పానర్‌తో బలవంతం చేస్తే ఇంజన్ బ్లాకు మర పాడవుతుంది.

బరువైన ఇత్తడి టీని, దానికి వేలాడే స్విచ్‌తో సహా, నేరుగా బ్లాకుకు బిగిస్తే ఇంజన్ అదురుకు కొన్నాళ్లలో మెడ దగ్గర చిట్లే ప్రమాదం ఉంది. చిన్న హోస్ పైపు వేసి టీని బాడీ వైపు బిగించడం క్షేమం. అయితే ఒకే వైరు ఉన్న స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది కాబట్టి, దాన్ని బ్లాకు నుంచి జరిపినప్పుడు ఇంజన్‌కు వేరే ఎర్త్ వైరు కలపాలి. లేకపోతే ప్రెజర్ పడిపోయినా డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగదు.

నూనెను నియంత్రించే సన్న రంధ్రం, అంటే 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల రిస్ట్రిక్టర్, తప్పనిసరిగా ఉండాలి. అది కొన్ని కిట్లలో ఫిల్టర్ తలలోనే ఉంటుంది. నా మట్టుకు దాన్ని ఫిల్టర్‌కు వెళ్లే పైపుకు ఇంజన్ వైపు కొసన పెట్టడమే సరైనది. దారిలో పైపు పగిలినా నూనె ఒక్కసారిగా కారిపోకుండా, లైటు చూసి బండి ఆపేందుకు కొంత వ్యవధి దొరుకుతుంది. పైపుల విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. నీళ్ల పైపు, పెట్రోలు పైపు వేడి నూనెకు నిలవవు. జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు తయారుచేసి ఇచ్చే దుకాణంలో కొలత ఇచ్చి, రెండు కొసలా ఫిట్టింగులు ప్రెస్ చేయించుకోండి. పైపు ఇనుప అంచుకు తగిలే చోటల్లా రబ్బరు తొడుగు వేయాలి.

వడకట్టిన నూనె తిరిగి వెళ్లే పైపు మొదటి దానికంటే వెడల్పుగా, మెలికలు లేకుండా ఉండాలి. దీనిలో కుళాయి వంటిది ఏదీ పెట్టకూడదు. కొందరు డ్రెయిన్ నట్టుకు (చాంబర్ అడుగున పాత నూనె దింపే నట్టుకు) రంధ్రం వేయించి అక్కడ కలుపుతారు. కానీ మన రోడ్ల మీది స్పీడ్ బ్రేకర్లకు, ఎగిరే రాళ్లకు ఆ ఫిట్టింగు తగిలితే చాంబర్‌లోని నూనెంతా నేల పాలవుతుంది. నూనె పోసే మూత మరొకటి కొని, దానికి ఫిట్టింగు వేయించి అక్కడ కలపడం మేలు. పాత మూత అలాగే దాచుకోవచ్చు.

బిగింపు పూర్తయ్యాక ఫిల్టర్ లోపల పట్టే నూనెను, సాధారణంగా అర లీటరు నుంచి లీటరు దాకా, అదనంగా సిద్ధం చేసుకోవాలి. ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు ఎప్పటిలాగే కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఐదు నిమిషాలు నడవనిచ్చి ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడండి. తర్వాత ఇంజన్ ఆపి, నూనె కిందికి దిగాక డిప్‌స్టిక్ (నూనె మట్టం కొలిచే పుల్ల) చూసి తగ్గినంత పోయండి. ఇంజన్ బాగా వేడెక్కాక నిదానపు పరుగులో కూడా లైటు మిణుకుమనకూడదు. అరగంట ప్రయాణం తర్వాత ఫిల్టర్ డబ్బాను జాగ్రత్తగా తాకి చూస్తే వేడిగా ఉండాలి. చల్లగా ఉందంటే నూనె పారడం లేదన్న మాట. తర్వాతి రోజుల్లో ఫిల్టర్ నిండిపోయిందని తెలుసుకోవడానికీ ఇదే పరీక్ష. పాత ఇంజన్‌లో పేరుకున్న మసి వల్ల మొదటి ఫిల్టర్ త్వరగా నిండుతుంది కాబట్టి దాన్ని 5,000 కిలోమీటర్లకే మార్చి, ఆ తర్వాత ప్రతిసారీ నూనెతో పాటు మార్చుకోవచ్చు.

ఈ ఫిల్టర్ నూనెను శుభ్రం చేస్తుంది గానీ కొత్తదిగా మార్చదు. తరిగిపోయిన రసాయనాలను తిరిగి చేర్చలేదు, నూనెలో కలిసిన డీజిల్‌ను వేరుచేయలేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టంలోని మసి వడపోతను కాల్చి శుభ్రపరిచేటప్పుడు కొంత డీజిల్ చాంబర్‌లోకి దిగే అవకాశం ఉంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంటే నూనె మార్చడం తప్ప మార్గం లేదు. అందుకే కంపెనీ చెప్పిన గడువును దాటించవద్దని నా గట్టి సలహా.

ఫలితం తెలుసుకోవాలంటే నూనె రంగును బట్టి నిర్ణయించకూడదు. డీజిల్ ఇంజన్‌లో మంచి నూనె కూడా మసిని తనలో ఇముడ్చుకుని త్వరగా నల్లబడుతుంది. బండి ఆపిన వెంటనే డిప్‌స్టిక్ కొసన ఉన్న చుక్కను అద్దుడు కాగితం మీద వేసి ఒక రాత్రి ఉంచండి. నలుపు మధ్య నుంచి అంచు దాకా క్రమంగా పలచబడితే నూనెకు ఇంకా సత్తువ ఉంది. నల్లటి ముద్ద మధ్యలోనే గడ్డకట్టి, దాని చుట్టూ గీత గీసినట్టు అంచు కనిపిస్తే మార్చాల్సిన సమయం వచ్చింది. ఇంతకంటే కచ్చితంగా కావాలంటే ల్యాబుకు పంపాలి. వేడిగా ఉన్న నూనెను దింపుతున్నప్పుడు మొదటి ధారా చివరి ధారా కాకుండా నడుమ ధారను శుభ్రమైన సీసాలో పట్టి, ఫిల్టర్ పెట్టక ముందొకటి, పెట్టిన తర్వాత అంతే దూరం తిరిగాక ఒకటి పంపితే పోల్చుకోవచ్చు. నివేదికలో ఇనుముతో పాటు, ఇసుక దుమ్ములో ఉండే సిలికాన్ కూడా పెరిగి ఉంటే ముందుగా వెతకాల్సింది ఎయిర్ ఫిల్టర్ వైపు లోపాన్నే. సిలికాన్ తక్కువగానే ఉండి ఇనుము మాత్రం పెరుగుతుంటే అరుగుదల ఇంజన్ లోపలే మొదలైందని గ్రహించి, బండిని మెకానిక్‌కు చూపించాలి.