మందుల పాఠం 6: "మధ్యలో గ్యాప్ ఇచ్చాను కదా!"

పోయిన పాఠంలో ఒకే మాట మరీ ఎక్కువసార్లు చెప్పాను. థైరాయిడ్ మాత్రకీ కాల్షియం మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఉండాలని మూడుచోట్ల రాశాను, ఒకచోట కింద గీత కూడా గీశాను. మీ జవాబులు దిద్దుతుంటే, పాఠం మొత్తంలో అందరికీ గుర్తుండిపోయింది ఆ గీత ఒక్కటేనని తేలింది.

మూడో ప్రశ్న గుర్తుందా? బీపీకి టెల్మిసార్టాన్, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్ వాడుతున్న అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులకి ఇబుప్రోఫెన్ మొదలుపెట్టారు. ఏం జాగ్రత్త పడాలి? సగానికి పైగా జవాబులు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయి: "బీపీ మాత్ర పొద్దున, నొప్పి మాత్ర రాత్రి. పన్నెండు గంటల గ్యాప్ ఉంది కాబట్టి పర్వాలేదు." ఒకరు ఇంకాస్త జాగ్రత్తపడి పద్నాలుగు గంటలు ఇచ్చారు.

తప్పు నాదే. గ్యాప్ ఎందుకు ఇస్తామో సరిగ్గా చెప్పకుండా ఎంత ఇవ్వాలో చెప్పాను. అందుకని ఈసారి యాంటీబయాటిక్స్ మొదలుపెడదామనుకున్నది పక్కన పెట్టేశాను. ఈ పాఠమంతా గ్యాప్ గురించే.

ఒక మందు ఇంకోదానితో గొడవపడాలంటే రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి. అలా కలిసే చోట్లు నా లెక్కలో మూడు: పొట్ట, లివర్, మందు పని జరిగే చోటు. పుస్తకాల్లో దీనికి వేరే వర్గీకరణలు, పెద్ద పెద్ద పేర్లు ఉన్నాయి. నేను మాత్రం ఇరవై ఏళ్లుగా మందుల చీటీ మీద పెన్సిల్‌తో "పొ", "లి", "ప" అని రాసుకుంటున్నాను. మీరూ అదే రాయండి.

పొట్ట సంగతి తేలిక. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్లలోని మెగ్నీషియం, అల్యూమినియం కొన్ని మందుల్ని గట్టిగా పట్టేసుకుంటాయి. అలా జంటకట్టిన మందు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు, అలాగే బయటికి పోతుంది. థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్, యాంటీబయాటిక్సైన డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఎముకలకి వాడే అలెండ్రోనేట్ అన్నీ ఈ బాపతే. ఇక్కడ గ్యాప్ నిజంగానే మందు. ఒకటి ముందు దాటిపోతే రెండోది వచ్చి పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటలు. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే కాల్షియానికి రెండు గంటల ముందైనా వేసుకోవాలి, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అలెండ్రోనేట్ పరగడుపున, ఉత్త మంచినీళ్లతో. వేసుకున్నాక కనీసం అరగంట ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. వాల్చకూడదన్నది మాత్రం గ్యాప్ కోసం కాదు, మాత్ర వెనక్కి వచ్చి అన్నవాహికని పుండు చేయకుండా.

లివర్ దగ్గరికి వచ్చేసరికి గడియారం పనిచేయదు.

మందుల్ని విరిచి బయటికి పంపే ఎంజైములు లివర్‌లో ఉంటాయి. కొన్ని మందులు ఆ ఎంజైముని మూలన కూర్చోబెడతాయి. కొలెస్టరాల్‌కి సిమ్వాస్టాటిన్ వాడే మనిషికి ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చి క్లారిత్రోమైసిన్ రాశారనుకుందాం. సిమ్వాస్టాటిన్‌ని విరిచే ఎంజైముని క్లారిత్రోమైసిన్ పట్టుకుంటే ఆ ఎంజైము ఇక లేవదు. శరీరం కొత్తది తయారుచేసుకోవాలి, దానికి రోజులు పడుతుంది. పొద్దున యాంటీబయాటిక్, రాత్రి స్టాటిన్ అని వేళలు మార్చుకుంటే ఒరిగేదేమీ లేదు. స్టాటిన్ రక్తంలో పేరుకుపోతుంది, కండరాలు నొప్పెడతాయి. మరీ ముదిరితే కండరం కరిగి మూత్రం ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ రెండూ కలిపి వాడకూడదన్నది స్పష్టమైన నిషేధం. డాక్టరు ఆ కోర్సు అయ్యేదాకా స్టాటిన్ ఆపిస్తారు, లేకపోతే అజిత్రోమైసిన్ లాంటి వేరే మందుకి మారుస్తారు. రెండింట్లో ఏదన్నది వాళ్ల నిర్ణయం. మీ పనల్లా "నేను స్టాటిన్ వాడుతున్నాను" అని నోరు తెరిచి చెప్పడం.

క్షయకి వాడే రిఫాంపిసిన్‌ది దీనికి ఎదురు గుణం. అది ఎంజైముల్ని ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గర్భనిరోధక మాత్రలు పని పూర్తికాకుండానే విరిగిపోతాయి. ఆ జోరు పూర్తిగా అందుకోవడానికి రెండు వారాలు, మందు ఆపాక చల్లారడానికి ఇంకో రెండు వారాలు. గంటల్లో లెక్కేసుకుంటే ఎలా కుదురుతుంది?

గ్రేప్‌ఫ్రూట్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ముందుగా, అది ద్రాక్ష కాదు. ఆ పేరు చూసి ద్రాక్షపళ్లు మానేశామని రాసినవాళ్లు నలుగురున్నారు, మీరు నిశ్చింతగా తినండి. గ్రేప్‌ఫ్రూట్ అంటే పంపరపనసకి దగ్గరి చుట్టం, నారింజకీ దానికీ పుట్టిన సంకరజాతి. దీని గుట్టు బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. కెనడాలో ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ మద్యానికీ ఉన్న సంబంధం చూద్దామని ప్రయోగం పెట్టారు. మద్యం రుచి తెలియకూడదని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. చూస్తే, రక్తంలో మందు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువ. నేరం మద్యానిది కాదు, రసానిది. 1989లో ఆ సంగతి అచ్చులోకి వచ్చింది. ఈ రసం దెబ్బతీసేది లివర్‌లోని ఎంజైముని కంటే పేగు గోడలో ఉన్న అదే ఎంజైముని. అయినా నేను "లి" అనే రాస్తాను, ఎందుకంటే నడక అదే: ఒక్క గ్లాసు తాగితే ఆ ప్రభావం ఒక రోజు దాటి ఉంటుంది. పొద్దున రసం, రాత్రి మాత్ర అన్నా లాభం లేదు.

ఇక మూడో చోటు, పని జరిగే చోటు. నన్ను విసిగించింది ఇదే, కాబట్టి తాపీగా చెప్తాను.

మూడో ప్రశ్నలో మందులు ఒకదాన్నొకటి ముట్టుకోవు. పొట్టలో పట్టుకోవు, లివర్‌లో అడ్డుపడవు. అసలు వాటికి ఒకదాని ముఖం ఇంకోదానికి తెలియదు. గొడవంతా కిడ్నీలో, రక్తం వడపోసే చోట. అక్కడికి రక్తాన్ని తెచ్చే సన్నటి నాళం ఒకటి, తీసుకెళ్లే నాళం ఒకటి ఉంటాయి. రెండింటి మధ్య ఒత్తిడి ఉంటేనే వడపోత. ఒంట్లో నీరు తగ్గినప్పుడో, వయసు మీదపడ్డప్పుడో తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. తీసుకెళ్లే నాళాన్ని కాస్త బిగించి లోపల ఒత్తిడి నిలబెట్టేది యాంజియోటెన్సిన్.

ఇప్పుడు మాత్రలు ఒక్కొక్కటే వేయండి. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గిస్తుంది: పైపులోకి వచ్చే ధారే సన్నబడింది. టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్‌కి అడ్డం కూర్చుంటుంది: బయటికెళ్లే పైపు వదులైంది. ఇబుప్రోఫెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీ ఆపుతుంది: లోపలికొచ్చే పైపు ముడుచుకుంది. ఇన్‌కమింగ్ తక్కువ, ఔట్‌గోయింగ్ ధారాళం. ఒత్తిడి ఎక్కడ నిలుస్తుంది? వడపోత పడిపోతుంది, క్రియాటినిన్ (కిడ్నీ వడపోయాల్సిన వ్యర్థం) పెరుగుతుంది, పొటాషియం పెరుగుతుంది. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చిన కిడ్నీ, ఆ మనిషికి రెండు రోజులు వాంతులో విరేచనాలో పట్టుకుంటే చతికిలపడుతుంది.

మరి పన్నెండు గంటల గ్యాప్ ఏం చేసింది? ఏమీ చేయలేదు. టెల్మిసార్టాన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఒక రోజు పడుతుంది. రోజూ వాడే మనిషి ఒంట్లో అది లేని గంట అంటూ ఉండదు. మాత్ర మింగింది పొద్దున ఏడింటికే కావచ్చు, రాత్రి ఏడింటికి కూడా అది డ్యూటీలోనే ఉంది. బీపీ మాత్ర రోజుకొక్కటే సరిపోవడానికి కారణమే అది! మింగిన వేళ వేరు, మందు ఒంట్లో ఉన్న వేళ వేరు. దీన్ని మాత్రం గోడమీద రాసిపెట్టుకోండి.

ఇదే చోటికి చెందినవి మరికొన్ని: వార్ఫరిన్‌తో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర (రక్తస్రావం), నిద్రమాత్రలతో ఓపియాయిడ్ నొప్పి మందులు (ఊపిరి మందగించడం), జ్వరం మాత్రలో, జలుబు మాత్రలో రెండింట్లోనూ ఉన్న పారాసెటమాల్. చివరిది చాలామంది చూసుకోరు. పెద్దవాళ్లకి 24 గంటల్లో నాలుగు గ్రాములు దాటకూడదన్నది మొత్తం లెక్క, ఎంత దూరం దూరంగా మింగినా కూడిక కూడికే.

గుండెనొప్పికి వాడే నైట్రేట్లు, అంగస్తంభన సమస్యకి వాడే సిల్డెనాఫిల్ జంటకి 24 గంటలు, అదే పనికి వాడే టడలాఫిల్ అయితే 48 గంటలు అని చదివినవాళ్లు "అక్కడ గ్యాప్ ఉంది కదా" అంటారు. అది ఎడం పాటించడం కాదు, మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగడం. రోజూ నైట్రేట్ వాడేవాళ్లకి ఆ ఆగడానికి కూడా చోటు లేదు, వాళ్లు సిల్డెనాఫిల్, టడలాఫిల్ ముట్టుకోకూడదంతే.

నా మూడు చోట్ల లెక్కకి ఒక చిల్లు ఉంది, మీరు పట్టుకోకముందే నేనే చెప్తాను. గుండె కోసం తక్కువ డోసు ఆస్పిరిన్ వాడేవాళ్లు ఇబుప్రోఫెన్ వేసుకుంటే, రెండూ రక్తం గడ్డకట్టించే కణమైన ప్లేట్‌లెట్‌లో ఒకే తలుపు దగ్గర పోటీపడతాయి. ఇబుప్రోఫెన్ ముందు దూరి కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు. కాబట్టి ఇది "ప", అయినా ఇక్కడ వేళ పనికొస్తుంది: పూత లేని మామూలు ఆస్పిరిన్ ముందు, కనీసం అరగంట తర్వాత ఇబుప్రోఫెన్. పూత ఉన్న ఆస్పిరిన్‌కి ఈ లెక్క వర్తించదు. కడుపులో పుండు, రక్తస్రావం భయం మాత్రం ఏ వేళ వేసుకున్నా అలాగే ఉంటుంది. మోకాళ్ల నొప్పికి నన్నడిగితే ముందు పారాసెటమాల్, తర్వాత పైపూత జెల్, ఆ తర్వాతే ఈ మాత్రల సంగతి. ఇది నా అభిరుచి, ఇంకొకరు వేరేలా చెప్పొచ్చు.

పోయిన పాఠం దెబ్బ మా ఇంట్లోనూ తగిలింది. మా అత్తయ్య ఫోనులో తొమ్మిది అలారాలు పెట్టుకుంది. వేసుకునేవి అయిదు మందులు: లెవోథైరాక్సిన్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్, కాల్షియం. క్యాలెండరు వెనక స్కేలుతో గీతలు గీసి, తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఒక్కోదానికీ నడుమ గడులు వదిలింది. "నువ్వే కదరా రాశావు" అంది. కూర్చుని చూశాం. ఆ అయిదింటిలో ఎడం కావలసిన జంట ఒక్కటే, థైరాయిడ్ మాత్ర, కాల్షియం. లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర, గంటాగి టిఫిన్‌తో మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, రాత్రి భోజనంతో కాల్షియం, అటోర్వాస్టాటిన్. అలారాలు మూడుకి దిగాయి. ఆ రాత్రి ఆవిడ క్యాలెండరు మళ్లీ ముందుకి తిప్పి తగిలించింది.

అన్నట్టు, ఈ పాఠం చదివి ఎవరూ ఏ మాత్రా సొంతంగా ఆపకండి. "ప" అని రాసుకున్న జంట కనబడితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అభ్యాసం ఈసారి కాస్త బరువు. ఒక మనిషి వాడుతున్నవి: వార్ఫరిన్, లెవోథైరాక్సిన్, కాల్షియం, కొత్తగా క్లారిత్రోమైసిన్, డైక్లోఫెనాక్. అయిదు మందులంటే పది జంటలు. పదింటికీ గడి గీసి "పొ", "లి", "ప" రాయండి, ఏమీ లేకపోతే ఖాళీగా వదలండి. ఒకే జంటకి రెండు అక్షరాలు పడొచ్చు. ప్రతి అక్షరం పక్కనా గ్యాప్ పనికొస్తుందా లేదా అన్నది ఒక్క మాటలో రాయాలి. బ్రాండు పేర్లతో రాసిన కాగితాలు దిద్దను, జనరిక్ పేర్ల (మందు అసలు పేర్ల) సంగతి రెండో పాఠంలోనే అయిపోయింది. సగం కంటే ఎక్కువ గడులు ఖాళీగా మిగిలితే కంగారుపడి నింపకండి. వార్ఫరిన్, లెవోథైరాక్సిన్ జంట దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి: లెవోథైరాక్సిన్ పేరు చూడగానే చెయ్యి "పొ" వైపు పోతుంది, కానీ థైరాయిడ్ హార్మోను పెరిగితే రక్తం గడ్డకట్టించే పదార్థాలు త్వరగా ఖర్చయిపోతాయి.